ఏడు హాలీలు, ఆరు కల్దార్లు



ఒక దేశం తన సొంత నాణేన్ని వదులుకొని పొరుగు దేశాలతో కలిసి ఒక ఉమ్మడి నాణేన్ని వాడుకోవాలా, వద్దా? ఈ ప్రశ్న మీద ఐరోపా ఖండంలో ముప్ఫయి ఏళ్ళకు పైగా వాదాలు నడిచాయి. ఎన్నికలు జరిగాయి, ప్రజాభిప్రాయ సేకరణలు జరిగాయి, ప్రభుత్వాలు తలకిందులయ్యాయి. పత్రికలలో యూరో అనే మాట కనబడినప్పుడు, అది ఎక్కడో దూరదేశాల వ్యవహారం, బళ్ళారి సీమలో జొన్నలు, పత్తి, వేరుసెనగ పండించుకొనే మనకెందుకులే అనిపించడం సహజం. కాని నిజానికి ఈ ప్రశ్నకు మనకంటే దగ్గరివాళ్ళు తక్కువ. మన తాతల కాలంలో తుంగభద్ర దాటితే నాణెం మారిపోయేది. ఆ రెండు నాణేలు ఒకటి కావడం మన నది ఒడ్డునే జరిగింది. కనుక ఈ ఉమ్మడి నాణెం కథను మన గట్టు మీద నిలబడి చూద్దాం. నాణెం మారినప్పుడు లాభం ఎవరికి వస్తుంది, నష్టం ఎవరి మీద పడుతుంది, అన్నదే ఈ ప్రసంగంలో ముఖ్యమైన ప్రశ్న.

ముందుగా ఆనాటి సరిహద్దును ఒకసారి గుర్తు చేసుకుందాం. 1800లో నిజాం నవాబు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ, కర్నూలు సీమలో కొంత భాగాన్నీ ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అందుకే మనవి దత్తమండలాలు అయ్యాయి. అప్పటినుంచి తుంగభద్రకు దక్షిణాన ఉన్న హొసపేట, కంప్లి, సిరుగుప్ప, ఆదోని అన్నీ మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చాయి. నదికి ఉత్తరాన ఉన్న మునీరాబాదు, గంగావతి, సింధనూరు, రాయచూరు నిజాం రాజ్యంలో ఉండిపోయాయి. కంప్లి నుంచి గంగావతి ఎంత దూరం? బండి కట్టుకొని పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరుకొనే దూరం. ఇవతల మాట్లాడే తెలుగూ కన్నడమూ అవతల కూడా వినిపించేవి. పెళ్ళి సంబంధాలు నది దాటి కుదిరేవి. నదిని చాలామంది దాటేవారు, కాని చేతిలోని రూపాయి మాత్రం దాటిన తరువాత వేరే రూపాయి అయిపోయేది.

అవతలి గట్టున చెల్లే నాణెం పేరు హాలీ సిక్కా. హాలీ అంటే ప్రస్తుతం చెలామణిలో ఉన్నది అని, సిక్కా అంటే ముద్ర వేసిన నాణెం అని అర్థం. ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాలనుంచీ ఈ రూపాయి మీద చార్మినారు బొమ్మ ఉండేది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఆ చార్మినారు ద్వారం మధ్యలో ఆయన పేరులోని మొదటి అక్షరాన్ని ఉర్దూలో ముద్రించేవారు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి వెండి కరువు రావడంతో 1918లో హైదరాబాదు ప్రభుత్వం సొంత కాగితపు నోట్లు కూడా తెచ్చింది. ఆ నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీ అక్షరాలు కూడా ఉండేవి. ఈ డబ్బు వ్యవహారాలు చూసుకోవడానికి 1942లో హైదరాబాదు స్టేట్ బ్యాంకు పని మొదలుపెట్టింది. తరువాత కాలంలో అదే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది.

ఇవతలి గట్టున చెల్లేది బ్రిటిషు ఇండియా రూపాయి. దాన్ని అవతలివాళ్ళు కల్దారు అనేవారు. కల్ అంటే యంత్రం, యంత్రం మీద అచ్చయిన రూపాయి కనుక కల్దారు. పేరు ఎలా వచ్చినా, విలువలో తేడా మాత్రం వెండిలోనే ఉంది. పాత కల్దారు రూపాయిలో సుమారు 10.7 గ్రాముల మేలిమి వెండి ఉండేది. చార్మినారు రూపాయిలో సుమారు 9.1 గ్రాములే. ఈ రెండింటినీ భాగించి చూస్తే, ఏడు హాలీ రూపాయల వెండి దాదాపుగా ఆరు కల్దారు రూపాయల వెండికి సమానం. అందుకే ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అన్న లెక్క స్థిరపడింది. వెండి సంగతి మరుగున పడి కాగితపు నోట్లు వచ్చాక కూడా ఆ లెక్క అలాగే నిలిచిపోయింది.

ఈ లెక్కను నూటికి కట్టి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. నూరు కల్దారు రూపాయలు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు ఇవ్వాలి. నూటపదహారు! మన పెళ్ళిళ్ళలో, సన్మానాలలో చదివించే నూటపదహార్లు ఈ లెక్కలోంచే పుట్టాయని, నూరు కల్దార్లకు సమానంగా హైదరాబాదు ప్రాంతంవారు ఇచ్చిన సొమ్మే ఆచారమైందని చెప్పేవారు చాలామంది ఉన్నారు. రూపాయికి పదహారు అణాలు కనుక పదహారు నిండుతనానికి గుర్తని, ఆచారం అంతకంటే పాతదని చెప్పేవారూ ఉన్నారు. ఏది ఏమైనా ఆ మారకపు లెక్క జనం నాలుకల మీద ఎంతగా నాటుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండు నాణేలు పక్కపక్కన ఉంటే మధ్యలో ఒక మనిషి తప్పనిసరి అవుతాడు. ఆయనే షరాబు. నాణెం తూచి, మోగించి చూసి, ఒకదానికి మరొకటి మార్చి ఇచ్చేవాడు. ఆ మార్పిడికి ఆయన పట్టుకొనే సొమ్మును వట్టం అంటారు. ప్రభుత్వపు లెక్క ఏడుకు ఆరు అయినా, సంతలో రేటు గిరాకీని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. పెద్ద వ్యాపారికి అది పెద్ద విషయం కాదు. వేల రూపాయలు ఒకేసారి మార్చుకుంటాడు, రేటు బేరమాడతాడు, రేటు బాగాలేకపోతే నాలుగు రోజులు ఆగుతాడు. నది దాటి వచ్చి రెండు మేకలు అమ్ముకున్న రైతు ఆగలేడు. సాయంత్రానికి ఇంటికి ఉప్పు, నూనె తీసుకుపోవాలి. వట్టం ఎంత చెబితే అంతకు ఒప్పుకోవలసిందే. దానికి తోడు నిజాం ప్రభుత్వపు కరోడ్‌గిరి శాఖవారు సరిహద్దు దాటే సరుకు మీద సుంకం వసూలు చేసేవారు. ఇలా ఒకే నదికి ఇటూ అటూ బతుకుతున్నవాళ్ళకు రెండు నాణేలు అంటే నిత్యం కట్టే ఒక చిన్న పన్ను లాంటిది. ఉమ్మడి నాణెం కావాలనేవారి మొదటి వాదం ఇదే. మారకం అక్కరలేదు, వట్టం అక్కరలేదు, రేటు రేపు ఎలా ఉంటుందో అన్న భయం లేదు.

మరి వద్దనేవారి వాదం ఏమిటి? దాన్ని అర్థం చేసుకోవాలంటే 1947 నాటికి వెళ్ళాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం మాత్రం ఇండియన్ యూనియన్‌లో చేరలేదు. 1947 నవంబరు 29న రెండు ప్రభుత్వాల మధ్య యథాతథ ఒప్పందం జరిగింది. ఆ తరువాత కొద్దికాలానికే హైదరాబాదు ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి, బంగారం, వెండి వంటి విలువైన లోహాలు హైదరాబాదు నుంచి ఇండియాకు పోకుండా కట్టడి చేసింది. రెండవది, భారత రూపాయి తన రాజ్యంలో చట్టబద్ధంగా చెల్లదని ప్రకటించింది. అదే కాలంలో తన దగ్గరున్న భారత ప్రభుత్వపు పత్రాల రూపంలో పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది. ఇవన్నీ ఒప్పందానికి విరుద్ధమని భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. రెండు పక్షాల మధ్య పెరిగిన తగవులలో నాణెం కూడా ఒక తగవు అయింది. చివరికి 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నాణెం కోసం అంత పట్టుదల ఎందుకు? మూడు కారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది గౌరవం. నాణెం మీద ఎవరి గుర్తు ఉంటే రాజ్యం వారిది అన్నది చాలా పాత నమ్మకం. రెండవది ఆదాయం. నాణెం ముఖవిలువ కంటే అందులోని లోహం విలువ తక్కువ, నోటుకైతే కాగితం ఖర్చే. ఆ తేడా అంతా నాణెం వేసేవాడి ఖజానాకు చేరుతుంది. మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది, అది అధికారం. సొంత నాణెం ఉన్న ప్రభుత్వం కష్టకాలంలో నోట్లు ఎక్కువ వేయగలదు, వడ్డీ తగ్గించగలదు, మారకపు రేటు మార్చి తన సరుకు బయట చవక అయ్యేలా చేయగలదు. ఆ అధికారాన్ని మంచికి వాడవచ్చు, చెడుకూ వాడవచ్చు. కాని ఉమ్మడి నాణెంలో చేరినవాడికి ఆ పగ్గం చేతిలో ఉండదు. ఈ మూడు కారణాలూ నిజాం ప్రభుత్వానికి ఎంత వర్తిస్తాయో, యాభై ఏళ్ళ తరువాత జర్మనీకి, బ్రిటనుకు, స్వీడనుకు కూడా అంతే వర్తించాయి. మన నది ఒడ్డున పుట్టిన తగవు ఐరోపా తగవుకు అన్నలాంటిది.

హైదరాబాదు యూనియన్‌లో కలిశాక నాణెం సంగతి ఏమయింది? రాత్రికి రాత్రి హాలీ సిక్కాను చెల్లకుండా చేయలేదు. ఇది గమనించదగిన విషయం. 1950లో భారత రూపాయిని హైదరాబాదు రాష్ట్రంలో ప్రవేశపెట్టారు. ఏడుకు ఆరు అన్న పాత లెక్కనే ఉంచారు. రెండు నాణేలూ పక్కపక్కనే నడిచాయి. 1951లో కొత్త హాలీ నాణేలు, నోట్లు వేయడం ఆపివేశారు. ఉన్నవి నెమ్మదిగా బ్యాంకులకు, ఖజానాలకు చేరుకుంటూ వచ్చాయి. చివరికి 1959లో గాని హాలీ సిక్కా పూర్తిగా రద్దు కాలేదు. అంటే మార్పుకు దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. ఆలోగా 1953 అక్టోబరు 1న మన బళ్ళారి జిల్లానే రెండయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి పోయాయి, మిగిలినవి మైసూరులో చేరాయి. 1956లో హైదరాబాదు రాష్ట్రమే మూడు ముక్కలై రాయచూరు మైసూరులోకి వచ్చింది. రాష్ట్రాల గీతలు ఇన్నిసార్లు మారినా రూపాయి మాత్రం అన్ని వైపులా ఒకటే అయింది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. రేటు న్యాయమైనదే అనుకుందాం. ఏడుకు ఆరు అన్నది లెక్క ప్రకారం సరైనదే. అయినా నష్టం ఎక్కడినుంచి వస్తుంది? బడిలో పిల్లలకు చెప్పే లెక్కలాగా చూద్దాం.

ఒక కూలి మనిషికి వారానికి 7 హాలీ రూపాయలు వస్తాయనుకోండి. రోజుకు రూపాయి చొప్పున ఏడు రోజుల తిండికి సరిపోతాయి. నాణెం మారింది. యజమాని లెక్క ప్రకారమే 6 భారత రూపాయలు ఇచ్చాడు. తప్పు లేదు. ఆ మనిషి అంగడికి వెళ్ళాడు. అంగడివాడు మాత్రం అంకె మార్చలేదు. నిన్న రూపాయి హాలీకి ఇచ్చిన సరుకును ఇవాళ రూపాయి కల్దారుకు ఇస్తానన్నాడు. మాటకు రూపాయి రూపాయే కదా! కూలి మనిషి చేతిలో ఉన్నవి 6 రూపాయలు. ఆరు రోజుల తిండే వచ్చింది. ఏడవ రోజు తిండి పోయింది. ఎవరూ జేబు కొట్టలేదు, ఎవరూ దొంగ నాణెం ఇవ్వలేదు. ఒకచోట లెక్క మార్చి ఇంకొకచోట మార్చకపోవడంవల్ల వారంలో ఒక రోజు తిండి మాయమైంది. నాణెం మార్పులో జరగగల మోసమంతా ఈ ఒక్క లెక్కలో ఉంది.

అప్పు సంగతి ఇంకా కఠినం. 700 హాలీల అప్పు ఉన్న రైతు కొత్త రూపాయలలో 600 కడితే చాలు. కాని పత్రం మీద ఏడువందలు అని మాత్రమే ఉండి, ఏ రూపాయలో స్పష్టంగా లేకపోతే? పత్రం తిరగరాసేటప్పుడు అదే అంకె కొత్త రూపాయలలో పడిపోతే? చదువు రాని రైతు నూరు రూపాయలు ఉత్తపుణ్యానికి ఇచ్చుకోవలసి వస్తుంది. అందుకే నాణెం మార్పు కాలంలో చదువుకు, లెక్కకు ఉన్న విలువ మరెప్పుడూ ఉండదు.

చిన్న సొమ్ముల దగ్గర మరో చిక్కు ఉంది. పాతకాలపు లెక్కలో మూడు దమ్మిడీలు ఒక కాణీ, నాలుగు కాణీలు ఒక అణా, రెండు అణాలు ఒక బేడ, నాలుగు అణాలు పావలా, పదహారు అణాలు రూపాయి. ఒక హాలీ అణాకు సరైన విలువ కొత్త లెక్కలో పది దమ్మిడీల పైచిలుకు. కాని 1950లో స్వతంత్ర భారతం వేసిన నాణేలలో అన్నిటికంటే చిన్నది కాణీ. అంటే మూడు దమ్మిడీలు. పది దమ్మిడీలు ఇవ్వడానికి నాణెమే లేదు. మూడు కాణీలు ఇస్తే తొమ్మిది, నాలుగు ఇస్తే పన్నెండు. అమ్మేవాడు తొమ్మిదికి దిగుతాడా, పన్నెండుకు ఎక్కుతాడా? మీకే తెలుసు. పెద్ద సొమ్ములో ఈ తేడా కనబడదు. అణాకు, బేడకు సరుకు కొనే ఇంట్లోనే ఇది రోజూ కనబడుతుంది.

ఇదే పాఠం 1957 ఏప్రిల్ 1న దేశమంతా మళ్ళీ చదివింది. ఆ రోజు అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. రూపాయికి నూరు నయాపైసలు. అణాకు ఆరుంపావు అవుతుంది, కాని పావు పైసా నాణెం లేదు. అందుకని ఒక అణాకు 6, రెండు అణాలకు 12, మూడు అణాలకు 19, నాలుగు అణాలకు 25 అని ప్రభుత్వం పట్టిక ఇచ్చింది. అణా సరుకును నాలుగుసార్లు విడివిడిగా కొంటే పట్టిక ప్రకారం 24 నయాపైసలే, ఒక పైసా మిగులుతుంది. అమ్మేవాడు ప్రతిసారీ 7 అడిగితే 28 అవుతుంది, మూడు పైసలు పోతాయి. తేడా మూడు పైసలే కావచ్చు. రోజూ కొనే ఇంట్లో సంవత్సరానికి లెక్క కట్టి చూడండి.

మన సీమకు ఇలాంటి మార్పు అంతకుముందు కూడా తెలుసు. విజయనగర కాలంనుంచి ఇక్కడ బంగారు వరహా చెల్లేది. 1818లో మద్రాసు ప్రభుత్వం వెండి రూపాయిని ప్రధాన నాణెం చేసి, ఒక వరహాకు మూడున్నర రూపాయలని లెక్క కట్టింది. 1835లో కంపెనీ తన పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే తూకం రూపాయి తెచ్చింది. నాణేలు పోయినా మాటలు మిగిలాయి. ఈనాటికీ మనం డబ్బును దుడ్డు అంటాం, కన్నడంలోనూ దుడ్డే. అది ఒకప్పటి రాగి నాణెం పేరు. కాసు, రూక, వరహా, దమ్మిడీ అన్నీ ఇంకా సామెతలలో బతికే ఉన్నాయి. నాణెం పోతే భాష పోతుందని, సంస్కృతి పోతుందని భయపడేవారికి ఇది కొంత ఊరట. జనం తమకు కావలసినదాన్ని నాలుకల మీద దాచుకుంటారు.

ఇప్పుడు ఐరోపాకు వెళ్దాం. 1992లో మాస్ట్రిక్ట్ అనే ఊరిలో అక్కడి దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 1999 జనవరి 1న లెక్కలలో యూరో పుట్టింది. 2002 జనవరి 1న నోట్లు, నాణేలు జనం చేతికి వచ్చాయి. ఒక యూరోకు 1.95583 జర్మను మార్కులు, 1936.27 ఇటలీ లీరాలు అని అయిదారు అంకెలదాకా రేటు కట్టారు. అయినా కొత్త నాణెం వచ్చాక ధరలు పెరిగాయని చాలా దేశాలలో జనం గోల పెట్టారు. అధికారులు లెక్క తీస్తే, మార్పువల్ల మొత్తం ధరలు పెరిగినది నూటికి అర్ధరూపాయి కూడా లేదని తేలింది. మరి జనం అబద్ధం చెప్పారా? లేదు. హోటళ్ళలో, కాఫీ అంగళ్ళలో, చిన్న సరుకుల దగ్గర ధరలు ఎక్కువగా పెరిగాయి. మంచం, బీరువా ధర పెరగకపోయినా రోజూ తాగే కాఫీ ధర పెరిగితే మనిషికి అదే గుర్తుంటుంది. మన అణా, బేడ కథే అక్కడా నడిచింది.

ఈ అనుభవంనుంచి వాళ్ళు ఒక మంచి పద్ధతి నేర్చుకున్నారు. 2023 జనవరి 1న క్రొయేషియా యూరోలో చేరినప్పుడు, అంతకు నాలుగు నెలల ముందునుంచి ఆ సంవత్సరం చివరిదాకా ప్రతి అంగట్లో ధరలను పాత నాణెంలోనూ కొత్త నాణెంలోనూ పక్కపక్కన రాసి పెట్టాలని చట్టం చేశారు. చదువుకున్నవాడైనా, లేనివాడైనా రెండు అంకెలూ చూసి అడగవచ్చు. 2026 జనవరి 1న చేరిన బల్గేరియాలో కూడా ఇదే పద్ధతి పాటించారు.

అందరూ చేరలేదు. డెన్మార్కు ప్రజలు 2000లో, స్వీడను ప్రజలు 2003లో ఓట్లు వేసి వద్దన్నారు. బ్రిటను అయిదు పరీక్షలు పెట్టుకొని, 2003లో అవి తీరలేదని తేల్చి తన పౌండును ఉంచుకుంది. చేరినవారిలో గ్రీసు దేశం గతి చూడండి. 2010నుంచి అప్పులలో కూరుకుపోయింది. సొంత నాణెం ఉంటే విలువ తగ్గించుకొని తన సరుకు చవక చేసి, కొంత ఊపిరి పీల్చుకొనేది. ఆ పగ్గం చేతిలో లేదు. జీతాలు, పింఛన్లు తగ్గించవలసి వచ్చింది. 2013లో పని కోరేవారిలో నూటికి 27 మందికి పైగా పని దొరకలేదు. 2015 వేసవిలో బ్యాంకులు మూసి, ఒక మనిషి రోజుకు 60 యూరోలకు మించి తీసుకోకూడదన్నారు.

అయితే ఒక సందేహం రావాలి. రాయచూరు కూడా తన నాణెం వదులుకుంది కదా, మరి దానికి గ్రీసు గతి ఎందుకు పట్టలేదు? సమాధానం నాణెంలో లేదు, ఖజానాలో ఉంది. హైదరాబాదు రాష్ట్రం భారత రూపాయితో పాటు భారత ఖజానాలో కూడా భాగం పొందింది. రాజ్యాంగం 280వ అధికరణం కింద 1951లో మొదటి ఆర్థిక సంఘం ఏర్పడింది. కేంద్రానికి వచ్చే పన్నులలో రాష్ట్రాలకు వాటా పంచడం దాని పని. కరువు వస్తే సాయం కోరే దారి ఉంది. పని దొరకకపోతే గంగావతి మనిషి బెంగుళూరుకు, బొంబాయికి ఎవరి అనుమతీ లేకుండా పోవచ్చు. 2012లో పార్లమెంటు ఆమోదించిన 98వ సవరణ ద్వారా వచ్చిన 371-జె అధికరణం కింద రాయచూరు, కొప్పళ జిల్లాలతో పాటు మన బళ్ళారికి కూడా ప్రత్యేక సదుపాయాలు వచ్చాయి. ఒకప్పుడు నది రెండు గట్లు, రెండు నాణేలు. ఇప్పుడు రెండు గట్లకూ కలిపి ఒకే అభివృద్ధి మండలి. ఇవన్నీ చాలినంతగా అందుతున్నాయా అన్నది వేరే చర్చ, ఆ చర్చ జరగవలసిందే. కాని అడగడానికి ఒక ఉమ్మడి ఖజానా ఉంది. ఐరోపాలో నాణెం ఉమ్మడి అయింది, ఖజానా మాత్రం ఎవరిది వారిదే ఉండిపోయింది. ఉమ్మడి కుటుంబంలో వంట ఒకటే అయి, గాదెలు వేరువేరుగా ఉంటే కరువు ఏట ఏమవుతుందో మనకు తెలుసు కదా.

తుంగభద్ర ఆనకట్టనే చూడండి. 1945 ఫిబ్రవరి 28న ఒకవైపు మద్రాసు ప్రభుత్వం, మరొకవైపు నిజాం ప్రభుత్వం దానికి శంకుస్థాపన చేశాయి. రెండు రాజ్యాలు, రెండు నాణేలు, ఒకే ఆనకట్ట. 1953లో కాలువలకు నీళ్ళు వచ్చేనాటికి రెండు గట్లూ ఒకే దేశం. కట్టడం కలిసి మొదలుపెట్టడానికి ఒకే నాణెం అక్కరలేకపోయింది. ఎవరికి ఎన్ని నీళ్ళు అన్న ఒప్పందం మాత్రం తప్పనిసరి అయింది. ఉమ్మడి నాణేనికి కూడా అలాంటి పంపకపు ఒప్పందమే ప్రాణం.

కనుక శ్రోతలారా, ఎక్కడైనా ఉమ్మడి నాణెం గురించి వాదన వినిపించినప్పుడు, నాణెం మీద ఎవరి బొమ్మ ఉంటుందన్న దగ్గరే ఆగిపోకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, మారకపు రేటు ఎంత, అది కూలికీ, ధరకూ, అప్పుకూ ఒకే విధంగా వర్తిస్తుందా? రెండు, లెక్కలో మిగిలే అణా పైసలు ఎవరి జేబులోకి పోతాయి, రెండు ధరలూ పక్కపక్కన రాసి చూపిస్తారా? మూడు, పంటలు పోయిన ఏడు, పనులు లేని ఏడు ఆదుకోవడానికి నాణెంతో పాటు ఖజానా కూడా ఉమ్మడిదేనా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే ఉమ్మడి నాణెం వరమే అవుతుంది. దొరకకపోతే, ఏడు రోజులు పనిచేసి ఆరు రోజుల తిండి తెచ్చుకొనే ఆ కూలి మనిషి లెక్క మళ్ళీ మొదలవుతుంది.

మీ ఇళ్ళలో పాత పెట్టెల అడుగున చార్మినారు బొమ్మ ఉన్న రూపాయి ఎక్కడైనా దొరికితే పిల్లలకు చూపించండి. ఏడుకు ఆరు లెక్క వాళ్ళచేత కట్టించండి. ఆ లెక్క వచ్చిన పిల్లవాడిని రేపు ఏ నాణెం మారినా ఎవరూ తేలికగా మోసం చేయలేరు.